అరగని ఉక్కుకు ఒక రోజు సెలవు

రెండేళ్ళుగా ఆ బిళ్ళ తిరుగుతూనే ఉంది. అరచేతి వెడల్పున్న ఉక్కు బిళ్ళ. దాని మీద అదే ఉక్కుతో చేసిన చిటికెన వేలంత మేకు, నెత్తిన బరువు పెట్టుకుని నిలబడి ఉంటుంది. కింద బిళ్ళ తిరుగుతుంటే మేకు దాన్ని రాస్తూ ఉంటుంది. చూడ్డానికి ఇంతే. ఈ మాత్రం దానికి గాజువాక దాటాక ఒక ప్రయోగశాల, అందులో ఏసీ గది, బయట కాపలా మనిషీ ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. నీలవేణి అత్తగారికి అనిపించడమే కాదు, ఆవిడ అడిగేసింది కూడా.

"రోజంతా అది తిరగతాది, నువ్వు కూకొని సూస్తావు. దీనికి జీతవేటే?"

నీలవేణి నవ్వి ఊరుకుంది గానీ, ఆ బిళ్ళ మీద ఆమెకున్న గర్వం ఇంతా అంతా కాదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదు, నిజమే. కానీ ఒరిపిడికి అది బొత్తిగా ఆగదు. బరువు మీద రెండు ముక్కలు రాసుకుంటే ఒకదాన్నొకటి పట్టేసుకుని, చిరిగి, పొట్టు రాలుస్తాయి. బిగించిన స్టీలు బోల్టు మళ్ళీ ఊడిరాక తల పట్టుకున్న ఏ మెకానిక్కును అడిగినా చెబుతాడు. నీలవేణీ, ఆమెతో పనిచేసే మస్తాన్ వలీ కలిసి సిలికాన్, మాంగనీసు, నైట్రోజన్ పాళ్ళు మార్చి మార్చి, లెక్కలేనన్ని ముద్దలు కరిగించి పారేశాక, చివరికి ఒక ముద్ద వాళ్ళ మాట వింది. అది రాసేకొద్దీ గట్టిపడే ఉక్కు. ఎక్కడ ఒరిపిడి తగిలితే అక్కడ దాని పైపొర బిగుసుకుంటుంది. రెండేళ్ళు తిరిగి ఆ బిళ్ళ పోగొట్టుకున్న బరువు ఆవగింజలో సగం కూడా లేదు.

ఆ రెండేళ్ళలో దాన్ని ఒక్కసారీ ఆపలేదు. తుఫానుకు ఊరంతా చీకటైనప్పుడు కూడా జనరేటరు మీద తిరిగింది. ఎవరైనా పెద్దలు చూడ్డానికి వస్తే ముందు చెప్పే మాట అదే: "మొదలుపెట్టాక ఇంతవరకు ఆగలేదండీ." ఆపితే ఏమవుతుందో చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆగి ఉన్న ఇనుములో చూడ్డానికేముంటుంది?

కిందటేడు ఆయుధపూజకు వచ్చిన పంతులుగారు తిరుగుతున్న యంత్రానికి బొట్టెలా పెట్టాలో తెలియక కాసేపు ఇబ్బంది పడ్డాడు. చివరికి కుంకుమ దాని పెట్టెకు రాసి, పువ్వులు దూరం నుంచి వేశాడు. ఒక బంతిపువ్వు బిళ్ళ మీద పడి, గిరగిరా తిరిగి, మస్తాన్ చొక్కాకు కొట్టుకుంది. ఆ ముచ్చట ఏడాదంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

ఈ ఏడు కొత్తగా వచ్చిన డైరెక్టరు కామేశంగారు ఒప్పుకోలేదు.

"ఆయుధపూజ అంటేనే పనిముట్టుకు విశ్రాంతి కదమ్మా. ఊళ్ళో లారీలు ఆగుతాయి, క్రేన్లు ఆగుతాయి. మన యంత్రం ఒక్కటే అంత గొప్పదా? నవమి పొద్దున్న ఆపి పూజ చెయ్యండి. దశమి పొద్దున్న కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టండి."

నీలవేణికి మనసొప్పలేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయింది. "రెండేళ్ళు ఆపకుండా నడిచిన పరీక్ష సార్..." అని నసిగింది.

"తిరుగుతుంటేనే అరగనిది, ఊరికే కూర్చుంటే అరుగుతుందా?" అన్నాడాయన.

 మస్తాన్ నవ్వాడు. నీలవేణీ నవ్వింది. మీట నొక్కి, మేకు నెత్తిన బరువు దించింది కూడా తనే. రొద ఆగిపోయాక గది ఎవరిదో పరాయివాళ్ళ గదిలా అనిపించింది. పంతులుగారు ఈసారి తీరిగ్గా బిళ్ళకు పసుపు రాసి, మధ్యలో ఇంత బొట్టు పెట్టాడు. మేకుకూ ఒక చుక్క పెట్టాడు. అందరూ దండం పెట్టుకున్నారు. ప్రసాదం తింటున్నా నీలవేణి చూపు మాటిమాటికీ ఆ బిళ్ళ మీదికే పోతోంది.

*

సాయంత్రం కంచరపాలెంలో ఇంటికొచ్చేసరికి అత్తగారు అప్పలకొండమ్మ మంచం మీద రాణీగారిలా పడుకుని టీవీ చూస్తోంది. ఇది వింత. పాతికేళ్ళకు పైగా టిఫిను దుకాణం నడిపిన మనిషి, కూర్చుని అన్నం తినడం కూడా దండగనుకునే రకం. దుకాణం ముందు నిలబడి నిలబడే ఆవిడ కుడి తుంటి అరిగిపోయింది. రెండడుగులేస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

అప్పటికే ఆ ఉక్కుతో తుంటికీలు చేసి మనుషులకు పెట్టి చూడ్డానికి అనుమతి వచ్చింది. బంతీ, దాన్ని పట్టుకునే గిన్నే రెండూ ఆ ఉక్కువే. ఆసుపత్రివాళ్ళు మనుషుల్ని వెతుకుతున్నారు. అత్తగారి పేరు ఇవ్వమని సలహా చెప్పింది నీలవేణే. "నీ బిళ్ళట్టుకొచ్చి నా కాల్లో ఎడతావేటే గుంటా?" అని ఆవిడ వారం రోజులు దెప్పింది. తర్వాత ఒప్పుకుంది. నొప్పి అలాంటిది మరి.

ఆపరేషనయ్యాక డాక్టరు చెప్పింది ఒకటే: రోజూ నడవాలి. అప్పలకొండమ్మకు అది చెప్పాలా? చేతికర్ర పారేసింది. మార్కెట్టుకు నడిచింది, చుట్టాలిళ్ళకు నడిచింది, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ కాలినడకన చేసొచ్చి, ఇంట్లో అడుగుపెడుతూనే "అన్నం వొండినారా, నన్నొండీమంటారా?" అంది. నీలవేణి ఆ రాత్రి వంటింట్లో ఎవరూ చూడకుండా ఏడ్చింది. అది సంతోషమే.

ఆవిడలాగే ఆ ఉక్కు కాళ్ళున్నవాళ్ళు మరో అయిదుగురున్నారు. ప్రయోగశాలకు వాళ్ళ పేర్లు తెలియవు, వరస నంబర్లే తెలుసు. పరీక్షకు అది నియమం. కానీ ఆసుపత్రిలో కాళ్ళ వ్యాయామాలు చేయించేచోట అప్పలకొండమ్మ అందర్నీ పరిచయం చేసుకుని, ఫోనులో వాళ్ళకో గ్రూపు కూడా పెట్టించింది. దాని పేరు 'కొత్త కాళ్ళు'. గిరిప్రదక్షిణ తర్వాత ఆ గ్రూపులో ఆవిడ మాటకు తిరుగులేదు.

"ఏంటత్తా, వంట్లో బాగాలేదా?" అని కంగారుగా దగ్గరికెళ్ళింది నీలవేణి.

ఆవిడ చీర మోకాలి దాకా ఎత్తి చూపించింది. కుడి మోకాలి నిండా పసుపు. మధ్యలో రూపాయి బిళ్ళంత బొట్టు.

"మీ యంత్రానికి సెలవని రాత్రి నువ్వే సెప్పినావు గదా. అదీ ఇదీ ఒక ఉక్కే గదేటి? దానికి సెలవైతే నా కాలికి కాదా? పొద్దున్న నీళ్ళోసుకొని, తుంటికి ఎట్టలేక మోకాలికి బొట్టెట్టి పడుకోబెట్టేసినాను. రేపు మీ యంత్రం తిరిగిందాకా ఈ కాలు నేలమీద ఎట్టను. ఒట్టు."

"మరి బాత్రూముకో?"

"ఆపరేషన్నాటి వాకరుందిగా. ఈ కాలు కర్రలాగ ఎత్తిపట్టుకొని, ఆ కాలుమీద గెంతుకుంటా ఎల్లొచ్చినాను."

వెనకనుంచి నీలవేణి భర్త సూరిబాబు అందుకున్నాడు. "అమ్మ ఒకరోజు మంచం దిగలేదంటే పేపర్లో వెయ్యాల. నన్ను కన్నప్పుడు కూడా సాయంత్రానికి దుకాణం తెరిసీసిందంట." అతను పోర్టులో క్రేను నడుపుతాడు. అతని క్రేనుకూ ఆ రోజు పూజ జరిగింది, సెలవిచ్చారు.

అప్పలకొండమ్మ అంతటితో ఆగలేదు. పొద్దున్నే ఆ మోకాలికి ఫొటో తీయించి గ్రూపులో పెట్టేసింది. మధ్యాహ్నానికల్లా మిగతా అయిదుగురూ తమ తమ మోకాళ్ళకు బొట్లు పెట్టి, మంచాలెక్కి ఫొటోలు పంపారు. "రేపు మా కోడలు యంత్రం మీటేసి నాకు ఫోను సేస్తాది. నేను మీకు సెప్తాను. అందరం ఒక్కపాలే లెగుదాం" అని ఆవిడ మాట రికార్డు చేసి పెడితే, అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

"మరిసిపోకు. మీటెయ్యగానే ఫోను సెయ్యి" అని కోడలికి మరీ మరీ చెప్పింది. ఫోను టీవీ పక్కన ఛార్జింగులో ఉంది. నిద్రలో కాలు కదలకుండా రెండు వైపులా తలగడలు పెట్టించుకుని పడుకుంది.

నీలవేణి నవ్వింది. ఆ తలగడలు పెట్టింది ఆమే.

*

దశమి పొద్దున్న ప్రయోగశాలలో నీలవేణీ, మస్తానూ, కాపలా మనిషీ తప్ప ఎవరూ లేరు. మస్తాన్ కొబ్బరికాయ కొట్టాడు. "పండగ మీది, కాయ కొట్టేది నేనూనా మేడం?" అని హాస్యమాడుతూ చిప్పలు పక్కన పెట్టాడు. నీలవేణి మేకు మీద బరువు తిరిగి పెట్టి మీట నొక్కింది.

బిళ్ళ సగం చుట్టు తిరిగింది. టప్పుమని ఒక చప్పుడయింది, అంతే.

పసుపు పూసిన ముక్కలు యంత్రం పెట్టె నిండా పడి ఉన్నాయి. మేకు ఒరిగిపోయి ఒక పక్కన వేలాడుతోంది.  రెండేళ్ళు అరగని బిళ్ళ అప్పడంలా విరిగిపోయింది.

మస్తాన్ ఒక ముక్క తీసుకుని మైక్రోస్కోపు కింద పెట్టాడు. పైపొర నుంచి లోపలికి, వేళ్ళు దిగినట్టు, సన్నని పగుళ్ళు. ఎంత లోతుకు చూసినా ఉన్నాయి. అతను సొరుగులోంచి అదే ముద్దతో పోసిన ఇంకో బిళ్ళ తీశాడు. అది ఎప్పుడూ యంత్రం ఎక్కలేదు. సుత్తితో కొట్టాడు. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

"అంటే రాపిడి తగలనిది బాగానే ఉంది" అన్నాడు మెల్లగా. "రాపిడి తగిలి, తర్వాత ఆగిందే పాడయింది."

నీలవేణికి అప్పుడర్థమయింది. రాసేకొద్దీ పైపొర బిగుస్తోందని మురిసిపోయారు. ఆ బిగువు రాపిడి ఉన్నంతసేపూ పొరలోనే అటూ ఇటూ సర్దుకుంటూ పోతోంది. రాపిడి ఆగితే అది పోవడానికి చోటు లేదు. మెల్లమెల్లగా లోపలికి దిగి ఉక్కును చీల్చుకుంటూ పోయింది. పాకంలో గరిటె తిప్పుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, ఆపితే గడ్డ కడుతుంది. గంటా రెండు గంటల ఆగుడుకు ఏమీ కాదు. రాత్రి నిద్రకూ కాదు, నిద్రలో మనిషి దొర్లుతాడు. ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా ఉంటే మాత్రం ఇదిగో, ఇలా అవుతుంది. ఆగినప్పుడు కూడా విరగలేదు. మళ్ళీ బరువు పడ్డ క్షణాన విరిగింది.

పసుపు రాసిన ముక్క ఆమె చేతిలో ఉంది. అత్తగారి మోకాలు కళ్ళముందుకొచ్చింది. రెండు వైపులా తను పెట్టిన తలగడలు కనిపించాయి.

ఫోను తీసింది. 'అత్త' అన్న పేరు మీద బొటనవేలు పెట్టబోయి, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

ఫోను టీవీ పక్కన ఉంది. మంచానికి అవతలి గోడ దగ్గర. ఆ ఫోను మోగితే అప్పలకొండమ్మకు తెలిసేది ఒకటే: యంత్రం తిరిగింది, లేవొచ్చు. ఆవిడ లేస్తుంది. ఒట్టు తీరిన సంబరంతో, రెండు కాళ్ళూ నేలకు ఆనించి, ఆ నాలుగడుగులూ వేస్తుంది. తొడలో ఆ కీలు పక్కనే పెద్ద రక్తనాళం పోతుంది. అక్కడ ఆ ముక్కలు ఏం చేస్తాయో ఆలోచించడానికి నీలవేణి మనసు ఒప్పుకోలేదు.

సూరిబాబుకు చేసింది. మాంసం కొట్టు దగ్గర వరసలో ఉండుంటాడు. రెండుసార్లు మోగాక గుర్తొచ్చింది, రాత్రి అతని ఫోను కూడా ఆ టీవీ పక్కనే పెట్టాడు. పొద్దున్న తీసుకెళ్ళాడో లేదో తెలియదు. గభాలున కట్ చేసింది.  కింది వాటావాళ్ళు పండక్కి శ్రీకాకుళం పోయారు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఫోను ఎత్తలేదు. ఆసుపత్రికి చేసి మిగతా అయిదుగురి ఫోను నంబర్లు అడిగితే, ఆ కాగితాలున్న గది తాళం ఎల్లుండిదాకా తియ్యరమ్మా అన్నారు.

కామేశంగారు మాత్రం వెంటనే ఎత్తాడు. అంతా విని, "కంగారు పడకండి. ఒక్క బిళ్ళ విరిగితే ఏదో పోతలోనే లోపం ఉండి ఉండొచ్చు. నేనొచ్చేదాకా బయట ఎవరికీ చెప్పకండి" అన్నాడు. నీలవేణి సమాధానం చెప్పకుండా పెట్టేసింది.

మస్తాన్ ఆమెనే చూస్తున్నాడు. "మేడం, ఆ మిగతా అయిదుగురి ఫోను నంబర్లూ మీ అత్తగారి ఫోనులోనే కదా ఉన్నాయి?"

"అవును."

"ఇంకెక్కడా దొరకవు."

"దొరకవు."

"మరి చెయ్యక తప్పదేమో. ఆవిడ ఎత్తితే ఒక్క నిమిషంలో వాళ్ళందరికీ..."

"ఎత్తాలంటే లేవాలి మస్తాన్."

అతను సుత్తిని బల్ల మీద పెట్టాడు.

"మీ అమ్మయితే చేస్తావా?" అని అడిగింది. గొంతు తనకే కర్కశంగా వినిపించింది. మస్తాన్ తల దించుకుని, పెట్టెలోంచి ఒరిగిపోయిన మేకును జాగ్రత్తగా విప్పడం మొదలుపెట్టాడు.

"ఆవిడ చెప్పేదాకా వాళ్ళెవరూ లేవరు" అంది నీలవేణి, అతనికి కాదు, తనకే. "నేను వెళ్ళేదాకా ఏమీ కాదు." తాళంచెవులు తీసుకుని పరిగెత్తింది.

*

దశమి పొద్దున్న విశాఖపట్నంలో స్కూటీ నడపడం ఎంత కష్టమో ఆమెకు ఆ రోజు తెలిసింది. లారీలన్నీ అరటిమొక్కలు కట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాయి. ప్రతి షెడ్డు ముందూ గుమ్మడికాయలు పగలగొట్టారు. కుంకుమ కలిసిన గుజ్జు మీద చక్రం ఒకసారి జారింది, పడబోయి నిలదొక్కుకుంది. ఎన్ఏడీ కూడలి దగ్గర అమ్మవారి ఊరేగింపు అడ్డొచ్చింది. డప్పులు కొట్టేవాళ్ళ మధ్యనుంచి స్కూటీ తోసుకుంటూ పోతుంటే ఎవరో తిట్టారు. కుర్తా జేబులో ఫోను ఉంది. అది బరువుగా ఉన్నట్టనిపించింది.

దారి పొడవునా ఒకటే లెక్క. అత్త ఓపిక పడుతుందా? ఆవిడకు ఓపిక లేదు. కోడలు మర్చిపోయిందిలే అనుకుని లేచేస్తే? దుకాణం రోజుల్లో పప్పు నానేదాకా కూడా ఆగలేని మనిషి. ఆ అయిదుగురు గుర్తుకు రాలేదా అంటే, వచ్చారు. వాళ్ళ మొహాలు ఆమెకు తెలియవు. వరస నంబర్లు తెలుసు, పసుపు మోకాళ్ళ ఫొటోలు తెలుసు. వాళ్ళను తలుచుకున్నప్పుడల్లా స్కూటీ ఇంకాస్త వేగం పెంచింది. ఫోను మాత్రం తియ్యలేదు.

రెండో అంతస్తు మెట్లు ఎక్కుతుంటే టీవీ చప్పుడు వినిపించింది. తలుపు తోసింది.

అప్పలకొండమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి. రెండు చేతులూ వాకరు మీద ఉన్నాయి.

"స్కూటీ సప్పుడయితే నువ్వే అనుకున్నాను. తిరిగినాదా? ఫోను సెయ్యమంటే నువ్వే వొచ్చీసినావేటే..."

"అత్తా, ఆగు! లేవకు! కాలు కింద పెట్టకు!"

అరిచిన అరుపుకు ఆవిడ నిజంగానే బొమ్మలా ఆగిపోయింది. నీలవేణి ఒక్క అంగలో వెళ్ళి ఆ కుడికాలిని రెండు చేతులతో పట్టుకుని, మంచం మీదికి ఎత్తి, ఆవిణ్ణి వెనక్కి పడుకోబెట్టింది.  ఏడుపొచ్చేసింది.

"ఏటయిందే? ఎవులికేటయింది? సూరిగాడికేటయినా..."

"ఎవరికీ ఏం కాలేదు. బిళ్ళ విరిగిపోయిందత్తా. ఆపి, మళ్ళీ తిప్పగానే ముక్కలయిపోయింది. నీ కాల్లోది కూడా నిన్నట్నుంచి కదల్లేదు. బరువు పడితే..." 

అప్పలకొండమ్మ తన మోకాలి మీది బొట్టును చూసుకుంది.  తర్వాత నెమ్మదిగా, "పాకం గడ్డకట్టినట్టా?" అంది.

"అలాంటిదే."

"మరి ఆళ్ళు?"

నీలవేణి టీవీ పక్కనున్న ఫోను వంక చూసింది.

"గవరయ్య మాస్టారు, ఆ రైల్వే క్వార్టర్సు సూర్యకాంతం, మిగిలినోల్లు... ఆళ్ళకి సెప్పినావా?"

"వాళ్ళ నంబర్లు నీ ఫోన్లోనే ఉన్నాయి."

"నాకు ఫోను సేస్తే నాను సెప్పీదాన్ని గదే."

"చేస్తే నువ్వు లేస్తావు కదత్తా."

ఆవిడ కోడలి ముఖంలోకి చూసింది. కోపం లేదు, మెచ్చుకోలూ లేదు. "ఫోనిలాగియ్యి. బేగి" అంది.

*

అప్పలకొండమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట రికార్డు చేసింది. దుకాణంలో కేకలేసిన గొంతు అది. "ఓలమ్మా, నాయనా, అందరూ ఇనండి. ఎవులూ లెగొద్దు. కాలు కింద ఎట్టొద్దు. బాత్రూమొచ్చినా మంచంమీదే కానియ్యండి, సిగ్గుపడకండి. మా కోడలు పక్కనే ఉంది. ఇన్నోల్లు ఇన్నామని సెప్పండి."

ఇద్దరూ ఆ తెర వంకే చూస్తూ కూర్చున్నారు. ముందు సూర్యకాంతం 'సరే వదినా' అని పెట్టింది. తర్వాత ఒకరు దండం బొమ్మ పెట్టారు. ఇంకొకరి కొడుకు ఫోను చేసి, ఏం జరిగిందని అడిగి, మంచం దగ్గరే కాపలా ఉంటానన్నాడు. నాలుగో మనిషి పొద్దుటే లేవబోతే భార్య, ఇంకా ఫోను రాలేదుగా అని కూర్చోబెట్టిందట. నీలవేణి ఊపిరి పీల్చుకుంది. ఒక్కొక్క జవాబుకూ అత్తగారు ఒక వేలు మడుస్తోంది. చిటికెన వేలు మిగిలింది.

ఈలోగా మస్తాన్ ఫోను చేశాడు. బిళ్ళ పోయినా మేకు విరగలేదట. దాన్ని ఏ బరువూ లేకుండా, చేత్తో, మెల్లగా నూనెలో రాస్తూ కూర్చున్నాడట. "బిగువు మళ్ళీ పైకి సర్దుకుంటోంది మేడం. పగుళ్ళు ముందుకు పోవడం ఆగింది. బరువు పడకూడదు, ఆపకూడదు. మెల్లగా కదుపుతూ ఉండాలి. రేపటిదాకానైనా సరే." అతని గొంతులో ఏడుపూ ఆశా రెండూ ఉన్నాయి.

మాంసం సంచీతో వచ్చిన సూరిబాబు గుమ్మంలోనే విషయం విని సంచీ కింద పెట్టేశాడు. అతని ఫోను అతని జేబులోనే ఉంది. వరసలో గోలకు వినపడలేదట.  నీలవేణి పాత చీర ఒకటి తెచ్చి, అతని చేత కిటికీ ఊచకూ మంచం కాళ్ళవైపు కమ్మీకీ ఉయ్యాలలా కట్టించింది. అందులో అత్తగారి కాలును పెట్టి, మెల్లగా ఊపడం మొదలుపెట్టింది. తుంటి దగ్గర చెయ్యి వేసి చూసింది. కీలు కదులుతోంది. చప్పుడేమీ లేదు.

"ఇలా ఎంతసేపే?"

"నేనున్నాను కదత్తా. తర్వాత ఆయన ఊపుతారు."

ఆ సంగతి మిగతావాళ్ళకూ రికార్డు చేసి పంపారు. ఇళ్ళళ్ళో పాత చీరలకేం లోటు? సూర్యకాంతం ఉయ్యాల ఫొటో కూడా పెట్టింది. అప్పలకొండమ్మ దాన్ని చూసి చిన్నగా నవ్వబోయి, చిటికెన వేలు చూసుకుని ఊరుకుంది.

"గవరయ్య మాస్టారు ఇనలేదు" అంది. "ఎప్పుడూ అందరికన్నా ముందు జవాబిచ్చే మనిషి."

గవరయ్య ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారు. గంట కొట్టగానే లేవడం, గంట కొట్టగానే ఆగడం ఆయన అలవాటు. గ్రూపులో అందరికంటే పెద్ద బొట్టు ఆయనదే. బొట్టు కింద 'ఆదేశం కోసం ఎదురుచూస్తూ' అని రాశాడు.

"నువ్వే సెయ్యి" అని అప్పలకొండమ్మ తన ఫోను కోడలికిచ్చింది. "ముక్కలు సూసినదానివి నువ్వు. నువ్వే సెప్పాల."

నీలవేణి ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ రెండో చేత్తో నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది. చివరికి ఎవరో ఎత్తారు. వెనక జనం గొంతులు, స్ట్రెచరు చక్రాల చప్పుడు వినిపిస్తున్నాయి.

"అమ్మా, మాస్టారున్నారా? నేను అప్పలకొండమ్మగారి కోడల్ని, నీలవేణిని..."

"మీరాండీ." ఆయన భార్య గొంతు అది, అలిసిపోయి ఉంది. "ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారమ్మా. రక్తం ఆగట్లేదంటున్నారు. పొద్దుట్నుంచీ మీ ఫోను కోసమే కాసుక్కూర్చున్నారు. ఎంతకీ రాకపోయేసరికి, యంత్రం తిరిగే ఉంటుందిలే, పండగ పనుల్లో మర్చిపోయుంటారు అని ఆయనే లేచారు. గుమ్మం దాకా కూడా పోలేదు. ఇంకో పది నిమిషాలు చూడండీ అన్నాను నేను. నా మాట వినలేదు."

ఫోను స్పీకరులో లేదు. అయినా గది చిన్నది. అప్పలకొండమ్మకు అంతా వినిపించింది.

"అమ్మా, నేను..." అంది నీలవేణి.  అవతల ఎవరో పిలిస్తే మాస్టారి భార్య, వస్తున్నానండీ అంటూ ఫోను పెట్టేసింది. సూరిబాబు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. టీవీలో ఎక్కడో అమ్మవారి ఊరేగింపు చూపిస్తున్నారు.

"నువ్వు ఫోను సేసుంటే నానొకర్తినే లెగుద్దును గదే. మాస్టారు లెగకపోదురు" అంది అప్పలకొండమ్మ. కోపంగా కాదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది.

నీలవేణి చెయ్యి ఆగిపోయింది. చీర ఉయ్యాల ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఊగి నెమ్మదించింది.

అప్పలకొండమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. కోడలి వంక చూడకుండానే అంది.

"ఆపకు. ఊపు."